ఒకే పంక్తి

బాలలారా! ఈ నెల మీకొక చిక్కు ప్రశ్న. ఇద్దరు పిల్లలు. ఒకే తరగతి, ఒకే మాస్టారు, ఒకే పుస్తకం. పొద్దున పది గంటలకు ఇద్దరూ చురుకుగానే ఉన్నారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఒకడికి పాఠం తలకెక్కుతున్నది, రెండవవాడికి ఎక్కడం లేదు. ఎందుచేత? వాడు మందమతి అంటారా? కాదు. వాడు మధ్యాహ్నం అన్నం తినలేదు!

పెద్దవారి ఒంటి బరువులో మెదడు నూటికి రెండు పాళ్లే. కాని ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో అయిదోవంతు అదే తీసుకుంటుంది. ఎదిగే పిల్లలలో ఈ వాటా ఇంకా ఎక్కువ. పొయ్యిలో కట్టె లేనిదే ఎసరు మరుగుతుందా?

ఈ సంగతి మన పెద్దలు ఎరుగుదురు. అందుకే పూర్వం పేద విద్యార్థులు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం. మంచి ఆచారమే. కాని ఆ ఇళ్ల గుమ్మాలు అందరికీ తెరుచుకునేవి కావు. 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తి అయింది, డెల్టాలో వరి విరగపండింది. ఆ వరి నాటిన కూలివారి పిల్లలను మాత్రం అంటరానివారని గడప తొక్కనిచ్చేవారు కారు. మరి వారికి వారం ఇచ్చేదెవరు?

ఇరుగుపొరుగు దయతో పని లేకుండా బడే తిండి పెట్టాలని తలచిన తెలుగువారు ఒకరున్నారు. ఆయన పిట్టి త్యాగరాయ చెట్టిగారు. 1920లో ఆయన మద్రాసు కార్పొరేషను అధ్యక్షులుగా ఉండగా, థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు ఫలహారం పెట్టడం మొదలయింది. తలకు రోజుకు ఒక అణా, అంటే రూపాయిలో పదహారోవంతు, మించకూడదన్నారు. 1925లో పై ప్రభుత్వం ఆ ఖర్చుకు ఒప్పుకోలేదు. పథకం ఆగింది. కాని ఆలోచన ఆగలేదు.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టి తీరాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2003 జనవరిలో మన రాష్ట్రంలో అమలయింది. వంటవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యమివ్వాలని 2004లో అదే కోర్టు చెప్పింది. 2025 జనవరి 4న విజయవాడలోని పాయకాపురం జూనియర్ కళాశాలలో ఇంటర్ విద్యార్థులకూ భోజనం మొదలయింది. పథకానికి గోదావరి లంకల అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు.

అమ్మలారా, నాన్నలారా! మీకొక మాట. "ఎవరు వండారు? పక్కన ఎవరు కూర్చున్నారు?" అని పిల్లలను అడగకండి. "కడుపునిండా తిన్నావా?" అని అడగండి. బియ్యం ప్రభుత్వం ఇవ్వగలదు. పంక్తి ఒకటిగా ఉండడం మన చేతిలో ఉన్నది.

పిల్లలూ, ఈ నెల మీకు పని: అయిదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. ఇంట్లో అంతే బియ్యం తూచి, అమ్మచేత వండించి, అన్నాన్ని మళ్లీ తూచండి. పెరిగిన బరువు ఎక్కడిదో చెప్పగలరా? తూచిన అన్నం మాత్రం ఒక్కరే తినకండి. పక్కన కూర్చునే స్నేహితుణ్ణి కూడా పిలవండి.