రాసిన నర్సుకే అందని లెక్క

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కల్లో తెలంగాణ కాన్పులలో 60.7 శాతం సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. కరీంనగర్ జిల్లాలోనైతే పది కాన్పుల్లో ఎనిమిది కోతతోనే జరిగాయి. పాత ఆదిలాబాద్ నుంచి విడివడిన కుమురం భీం ఆసిఫాబాద్‌లో రాష్ట్ర సగటు కన్నా చాలా తక్కువ. అక్కడ అనవసరపు కోతలు లేవని సంతోషించాలా, అవసరమైన తల్లికి ఆపరేషన్ అందలేదని కలవరపడాలా? సర్వే ఆ మాట చెప్పదు. కొన్నేళ్లకోసారి వచ్చే అంకె జబ్బు ఉందని మాత్రమే చూపుతుంది. ఈ రాత్రి లేబర్ రూమ్‌లో ఏం మార్చుకోవాలో చెప్పగలిగేది అక్కడ డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు రాసే లెక్క. ఆ లెక్క నెలనెలా పైకి పోవడమే తప్ప వార్డుకు తిరిగి రాకపోవడమే మన అసలు లోపం.

పార్టోగ్రాఫ్‌నే తీసుకోండి. నొప్పులు పడుతున్న తల్లి నాడి, బీపీ, గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, అన్నీ సమయంతో సహా ఒకే కాగితం మీద గుర్తించాలి. గీత పక్కకు ఒరిగితే డాక్టరును పిలవాలి. ఇది కాన్పు సాగుతుండగా నింపితే తల్లీబిడ్డలకు రక్షణ. కాన్పయ్యాక కేస్ షీట్ పూర్తి కావాలని నింపితే వట్టి కాగితం. అంకెలు రెండింటిలోనూ ఉంటాయి, కానీ రెండోదాని వల్ల ఏ ప్రాణమూ నిలవదు.

కొలత సకాలంలో కొలిచిన చేతికే ఉపయోగపడితే ఏమవుతుందో ఆఫ్రికాలో తేలింది. కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని కంటి అంచనాతో వదిలేయకుండా, తల్లి కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి మిల్లీలీటర్లలో కొలిచారు. గీత దాటగానే మందులన్నీ వెంటవెంటనే ఇచ్చారు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో జరిగిన ఈ అధ్యయనం 2023లో వెలువడింది. తీవ్ర రక్తస్రావం, దాని వల్ల ఆపరేషన్, మరణం కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. దీనికి భిన్నంగా, ఉత్తరప్రదేశ్‌లోని 120 కేంద్రాల్లో సగం చోట్ల కాన్పు చెక్‌లిస్టు, దానికి తోడు శిక్షణ ఇచ్చి, మిగతా సగంతో పోల్చి చూశారు. సిబ్బంది పనితీరు మెరుగైంది కానీ మరణాలు తగ్గలేదని 2017లో తేలింది. అంటే టిక్కులు పెట్టడమొక్కటే చాలదు. లెక్క చూసి వెంటనే చేయాల్సిన పనికి మందు, మనిషి, రక్తం అందుబాటులో ఉండాలి.

నర్సులకు ఊపిరి సలపడం లేదు, ఇంకో రిజిస్టరా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ మండలి ప్రమాణం. మన సర్కారు వార్డులు దానికి దూరంగా ఉన్నాయి. కనుక కొత్త రిజిస్టర్లు వద్దు, ఒకే వివరాన్ని నాలుగు చోట్ల రాయించడం మానాలి. నర్సుల కొరతను నిరూపించేదీ వారు రాసే లెక్కే. షిఫ్టుకు ఎందరు రోగులు, ఎందరు నర్సులు అన్నది రోజూ నమోదైతే పోస్టుల కోసం అడిగే గొంతుకు బలం వస్తుంది. అంకెలు తేడాగా ఉంటే మెమో ఇస్తారన్న భయం రెండో అభ్యంతరం. ఆ భయం ఉన్నచోట బీపీలన్నీ 120/80 గానే కనిపిస్తాయి. అందుకే నేర్చుకోవడానికి వాడే లెక్కను క్రమశిక్షణ చర్యలకు వాడబోమని అధికారులు ముందే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. సిజేరియన్ నిర్ణయం డాక్టరుదే కదా అనీ అంటారు. నిజమే, కానీ ఆ నిర్ణయానికి ఆధారం నర్సు గుర్తించిన నొప్పుల గమనమే.

లెక్కను వార్డుకు తిరిగి తెచ్చే పనికి కరీంనగర్ అనువైన చోటు. 2017లో ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి చేపట్టిన 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణలో తొలి జట్టు నర్సులు తయారైంది ఇక్కడే. లెక్కకు పద్ధతి కూడా సిద్ధంగా ఉంది. తొలి కాన్పా, పాత కోత ఉందా, నొప్పులు వాటంతటవే వచ్చాయా అని చూసి తల్లులను పది గుంపులుగా విడదీసే రాబ్సన్ వర్గీకరణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే సిఫారసు చేసింది. ఏ గుంపులో కోతలు ఎక్కువవుతున్నాయో ప్రతి నెలా లేబర్ రూమ్ గోడ మీద పెట్టి, నర్సులు, డాక్టర్లు కలిసి అరగంట మాట్లాడుకోవాలి. ఆదిలాబాద్‌లోని రిమ్స్ బోధనాసుపత్రిలో, ఉట్నూరు ఏజెన్సీలో మరో లెక్క ముఖ్యం: తల్లి ఊరి నుంచి ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, చేరాక నర్సు మొదట ఎప్పుడు చూసింది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ఆసుపత్రి సూపరింటెండెంట్లు ఈ పనికి కొత్త జీవోల కోసం ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే నెల లెక్కను హైదరాబాద్‌కు పంపే ముందు, దాన్ని రాసిన నర్సుల ముందు పెట్టండి.