చీనా బాలికల పాదములు

చీనాదేశమున అయిదారేండ్ల బాలికల కాలివ్రేళ్లను అరికాలి క్రిందికి మడచి, గుడ్డపట్టీలతో బిగించి, యెముకలు విరుచు నాచారము దాదాపు వేయేండ్లు సాగెను. కట్టినవారు పగవారు కారు, కన్నతల్లులే. చిన్నపాదములు లేనిచో కూతునకు సంబంధము దొరకదని వారి భయము. కాంగ్సీ చక్రవర్తి ప్రభుత్వము దీనిని నిషేధించియు, 1668లో ఆ శాసనమును ఉపసంహరించుకొనెను. 19వ శతాబ్దాంతమున కాంగ్ యూవై ప్రభృతులు నెలకొల్పిన సంఘములలో సభ్యులు తమ కూతుండ్ర పాదములు కట్టబోమనియు, కట్టిన కన్యలను కోడండ్రుగా తెచ్చుకొనబోమనియు ప్రతిజ్ఞ చేసిరి. 1912లో చీనా రిపబ్లికు మరల నిషేధించెను; ఈమారు శాసనమునకు సంఘబలము తోడయ్యెను. క్రమముగా ఆచారము నశించెను.

శాసనము వలదని మేమనము. తల్లి భయమును పోగొట్టినది మాత్రము వరుని యింటివారి మాట. క్రూరాచారమును రూపుమాపగోరువారు తల్లిని దూషించుటకు ముందు ఆ భయమునకు మూలమును వెదకవలెను.