లేని మూడో భాగం

థామస్ మన్ నవల ‘డాక్టర్ ఫౌస్టస్’ ఎనిమిదో అధ్యాయంలో క్రెట్చ్‌మార్ అనే సంగీతజ్ఞుడు పియానో ముందు కూర్చుంటాడు. బేతోవెన్ తన చివరి పియానో సొనాటా ఓపస్ 111కు మూడో భాగం ఎందుకు రాయలేదో నత్తిగా వివరిస్తాడు. వాయిస్తూనే, ఆ ధ్వని మీదుగా అరుస్తూ వ్యాఖ్యానిస్తాడు. ఈ నవల మొదలుపెట్టిన మిత్రులు కొందరు పక్కన పెట్టేసింది ఇక్కడే. ఈ అధ్యాయాన్ని చదివితే చాలదు, వినాలి అంటాను. విన్నాక నవలతో తగవు మొదలవుతుంది. ఆ తగవు కోసమే దీన్ని చదవాలని నా అభిప్రాయం.

సౌదీలో సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్నదే 2018లో. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉన్న నాబోటివాడికి పాశ్చాత్య సంగీతమంటే రికార్డింగే. అర్తుర్ ష్నాబెల్ ఈ సొనాటాను 1932లో లండన్‌లో రికార్డు చేశాడు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలే పట్టే రికార్డుల కాలం అది. గరగర ఉంది, తప్పిన స్వరాలూ ఉన్నాయి. అయినా రెండో భాగం ‘ఆరియెట్టా’ను అంత నిదానంగా, అంత నమ్మకంగా పలికించినవారు అరుదు.

కర్ణాటక సంగీతం విన్న చెవికి ఆరియెట్టా పరాయిది కాదు. చిన్న పల్లవి వంటి పాట ఒకటి. దాని మీద వరుసగా రూపాంతరాలు. నడక దాదాపు మారదు, ఒక్కో దెబ్బలో ఇమిడే స్వరాల సంఖ్య మాత్రం పెరుగుతూ పోతుంది. మన వర్ణాన్ని మొదటి కాలంలోనూ రెండో కాలంలోనూ పాడినట్టే. మూడో రూపాంతరం దగ్గర పియానో దాదాపు జాజ్‌లా గెంతుతుంది. చివరకు అంతా సుదీర్ఘమైన కంపిత స్వరాలుగా పలచబడుతుంది. సంగీత శాస్త్రం రానివారికి ఈ నవల అందదన్న మాట నేను ఒప్పుకోను.

క్రెట్చ్‌మార్ వాదంలో చాలా భాగం అడోర్నోది. కాలిఫోర్నియా ప్రవాసంలో ఆయన ఈ సొనాటాను మన్‌కు వాయించి వినిపించాడు. ఆరియెట్టా తొలి మూడు స్వరాలకు నవలలో అమర్చిన మాటల్లో అడోర్నో తండ్రి ఇంటిపేరు ‘వీజెన్‌గ్రుంట్’ దాగి ఉంది. సొనాటా అనే రూపమే ఇక్కడ ముగిసిందని ఆ వాదం తీర్పు చెబుతుంది. గంభీరమైన మాటే. కానీ 1828లో షూబర్ట్ రాసిన మూడు సొనాటాలు విన్నవారి ముందు ఆ తీర్పు నిలవదు.

వైద్యుడిగా నా తగవు ఇంకా పెద్దది. కథానాయకుడు లెవర్‌క్యూన్ తెలిసి తెలిసీ సిఫిలిస్‌ను కొని తెచ్చుకుంటాడు. ఆ రోగమే అతని ప్రతిభకు ఇంధనమవుతుంది. మన్ ఈ నవల రాయడం మొదలుపెట్టింది 1943 మే 23న. పెనిసిలిన్ ఆ జబ్బును నయం చేస్తుందని అమెరికాలో తేలిందీ 1943లోనే. రోగానికి ప్రతిభను అంటగట్టే పాత జర్మన్ మోజు నాకు ఏనాడూ రుచించలేదు.

అసలు పరీక్ష నలభై అయిదో అధ్యాయం. ఎవరినీ ప్రేమించరాదన్నది సైతాను షరతు. లెవర్‌క్యూన్ తన అయిదేళ్ల మేనల్లుణ్ణి ప్రేమిస్తాడు. ఆ పిల్లవాడు మెనింజైటిస్‌తో చనిపోతాడు. తలనొప్పి, వాంతులు, వెన్నులో సూదితో నీరు తీయడం, ఆ కేకలు: ఏదీ కల్పనలా లేదు. 2000 హజ్‌లో డబ్ల్యూ-135 రకం వ్యాపించాక నాలుగు రకాలకూ పనిచేసే టీకా యాత్రికులకు తప్పనిసరి అయిన దేశంలో కూర్చుని చదువుతున్నాను. మెనింజైటిస్‌కు ఎవరు ఎవరిని ప్రేమించారన్నది పట్టదు. ఆ పుటలు అంత నిజంగా ఉండడం వల్లనే సైతాను వాదం అక్కడ చిన్నబోయింది. మన్ ఉద్దేశం అది కాకపోవచ్చు.

గ్లెన్ గూల్డ్ 1956 రికార్డింగు కూడా వినండి. మొదటి భాగాన్ని నిప్పులా కాదు, మంచులా, విపరీతమైన వేగంతో వాయించాడు. లెవర్‌క్యూన్‌కు నచ్చి ఉండేది. ఇంగ్లీషులో చదివేవారికి జాన్ వుడ్స్ చేసిన 1997 అనువాదం సులువు. నలభై అయిదో అధ్యాయం అయ్యాక మాత్రం గూల్డ్ వద్దు, ష్నాబెల్ ఆరియెట్టా పెట్టుకోండి.