క్వాలిఫై మార్కు లేదు కదా అనే మాట

"మీకు క్వాలిఫై మార్కు లేదు కదా, ఇంగ్లీషు వదిలెయ్యండి. మిగతా సబ్జెక్టుల మీద పెట్టండి." ఎడ్‌సెట్ రాసే మన పిల్లలకు ఏటా ఈ మాట ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. చెప్పేవాళ్లు శత్రువులేం కాదు. కొందరు కోచింగ్ సార్లు, కొందరు సీనియర్లు, మరికొందరు మన టీచర్లే. పిల్లల మీద ప్రేమతోనే చెబుతారు. నా గొడవంతా ఆ ప్రేమతోనే.

లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ఎడ్‌సెట్ 150 మార్కుల పరీక్ష. అందులో జనరల్ ఇంగ్లీషుకు 25 మార్కులు. తెలంగాణలో అదే 150లో ఇంగ్లీషుకు 20. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస అర్హత మార్కు పెట్టలేదన్నది నిజమే. దాని అర్థం ర్యాంకు ఇస్తారని మాత్రమే, సీటు ఇస్తారని కాదు. ఎస్టీ కోటా సీటు కోసం మన పిల్లలు పోటీపడేది మన పిల్లలతోనే. పట్నంలో ఇంగ్లీషు మీడియం చదివిన ఎస్టీ ఉద్యోగి కొడుకు ఆ 25లో 18 తెచ్చుకుని, గూడెం నుంచి ఆశ్రమ పాఠశాలలో చదివొచ్చిన అమ్మాయి సార్ మాట విని ఆ భాగం వదిలేస్తే, ప్రభుత్వ కాలేజీ సీటు ఎవరికి పోతుందో చెప్పనక్కర్లేదు. ఆమెకు మిగిలేది ఎక్కడో దూరాన పేరు వినని కాలేజీ. పైగా ఈ పరీక్షలో తప్పు రాస్తే మార్కు కొయ్యరు. నెగటివ్ మార్కులే లేని పరీక్షలో ప్రశ్న చదవకుండా వదిలెయ్యమనడం ఏ రకమైన సలహా?

ఈ మాట ఇంతకుముందు కొంత చెల్లిందేమో. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకేనని 2000లో మూడో నంబరు జీవో వచ్చింది. బీఈడీ పట్టా ఒకటి చేతికొస్తే మన ఏజెన్సీలో మనకో బడి దొరుకుతుందనే భరోసా ఉండేది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. ఆ తీర్పు మీద మన పోరాటం వేరే ఉంది, ఉండాలి. కానీ ఎలాగోలా బీఈడీ అయిపోతే చాలనే కాలం మాత్రం ఆ రోజుతోనే పోయింది.

"మనవాళ్లకు గ్రామర్ ఎక్కదు" అనే మాట ఇంకోటి ఉంది. ఇది అవమానం, పైగా అబద్ధం. తెలుగులో ఒక ఆడమనిషి వస్తే 'వచ్చింది' అంటాం, ఆవు వచ్చినా 'వచ్చింది' అనే అంటాం. అదే పదిమంది ఆడవాళ్లయితే మగవాళ్లతో కలిపి 'వచ్చారు', పది ఆవులయితే 'వచ్చాయి'. కోయ, గోండి, కొలామిలో అలా కాదు. ఆడవాళ్లు ఒకరు వచ్చినా పదిమంది వచ్చినా మగవాళ్ల క్రియ వాళ్లకు వాడరు. అంటే కోయ ఇంట్లో పుట్టిన పిల్ల ఒక పద్ధతితో పెరిగి, ఆరేళ్లకు బడికొచ్చి, ఏ పుస్తకమూ చూడకుండా రెండో పద్ధతి పట్టేస్తుంది. ఇంట్లో ఒకటి, బడిలో ఒకటి, రోజుకు ఇరవైసార్లు మార్చుకుంటూ మాట్లాడుతుంది. సవర పిల్లవాడి సంగతి ఇంకా పెద్దది. అతని భాష ముండా కుటుంబానిది, తెలుగుకు చుట్టమైనా కాదు. లంబాడీ పిల్లలూ ఇంట్లో మాట్లాడే భాషకు చుట్టం కాని తెలుగులోనే చదువుకుని గట్టెక్కుతున్నారు. ఇంత చేసినవాళ్లకు ఇంగ్లీషు క్రియ చివర 'ఎస్' ఉండాలా వద్దా అన్నది ఎక్కదా?

ఎక్కనిది గ్రామర్ కాదు, మనం చెప్పే తీరు. పాసివ్ వాయిస్ పాఠం తీసుకోండి. 'కర్మణి ప్రయోగం' అని బోర్డు మీద రాసి, "అన్నం నాచేత తినబడింది" అని వివరిస్తాం. ఏ ఊళ్లో, ఏ ఇంట్లో ఎవరన్నారయ్యా ఆ మాట? ఇంగ్లీషు అర్థం కావడానికి ముందు ఎవరూ మాట్లాడని తెలుగొకటి అర్థం కావాలి. మైదానం పిల్లలకే అది కొత్త. కోయ పిల్లకు అది పరాయి భాషలో ఇంకో పరాయి భాష.

తెలుగు ద్వారా ఇంగ్లీషు గ్రామర్ చెప్పడంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఒకటుంది. 'కరెక్షన్ ఆఫ్ సెంటెన్సెస్' కింద వచ్చే వాక్యాల్లో చాలా తప్పులు తెలుగు వాక్యాన్ని యథాతథంగా ఇంగ్లీషులో పెడితే వచ్చే తప్పులే. 'దాని గురించి చర్చించాం' అంటాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తాం. 'డిస్కస్డ్' తర్వాత 'అబౌట్' రాకూడదు. 'లాయరుతో పెళ్లయింది' అంటాం కాబట్టి 'మ్యారీడ్ విత్' అంటాం. అక్కడ ఉండాల్సింది 'టు'. సీనియర్, జూనియర్ అనే మాటల పక్కన 'దేన్' పెడతాం, అక్కడా 'టు' రావాలి. తెలుగులోకి మార్చుకుని చూస్తే ఈ తప్పు వాక్యాలన్నీ చక్కగా ఉన్నట్టే కనిపిస్తాయి. అంటే, తెలుగులోకి మార్చుకుని ఆలోచించమని చెప్పే సారే పిల్లను తీసుకెళ్లి ఉచ్చులో పెడుతున్నాడు. ఆరువందల పేజీల గైడు కొన్నా ఉచ్చు ఉచ్చే.

మరి ఎలా చెప్పాలి? ఆర్టికల్స్‌తో మొదలుపెట్టండి. తెలుగులో ఆర్టికల్స్ లేవు, కోయలో లేవు. ఇక్కడ మైదానం పిల్లలకు పుట్టుకతో వచ్చిన లాభం ఏమీ లేదు. ఎ, ఈ, ఐ, ఓ, యు ముందు 'యాన్' అని చెప్పి వదిలేస్తే 'యూనివర్సిటీ' దగ్గర బోల్తా పడతారు. పదాన్ని తెలుగు లిపిలో రాయమనండి. మొదటి అక్షరం అచ్చయితే 'యాన్', హల్లయితే 'ఎ'. 'యూనివర్సిటీ' యకారంతో మొదలవుతుంది, కాబట్టి 'ఎ'. 'అవర్', 'ఆనెస్ట్' ఇంగ్లీషులో హెచ్‌తో రాసినా తెలుగులో అచ్చుతోనే మొదలవుతాయి, కాబట్టి 'యాన్'. 'ఎమ్మెల్యే', 'ఎఫ్ఐఆర్' కూడా 'యాన్' మాటలే. 'వన్ రుపీ నోట్' ముందు 'ఎ'. మన లిపి శబ్దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది, వాళ్లడిగేది శబ్దాన్నే. ఇంగ్లీషు మీడియం పిల్లలు స్పెల్లింగు చూసి మోసపోయే చోట మన పిల్లలు మోసపోనక్కర్లేదు. తెలుగును వాడుకోవాల్సింది ఇలాంటి చోట. అర్థాల దగ్గర కాదు.

కర్త, క్రియ పొంతన ప్రశ్నల్లో చేసే మాయ ఒక్కటే. రెంటికీ మధ్య కొన్ని మాటలు దూర్చి దూరం పెంచుతారు. 'వన్ ఆఫ్ ద టీచర్స్ ఫ్రమ్ అవర్ విలేజెస్' అని రాసి, ఆ తర్వాత 'ఈజ్' రావాలా 'ఆర్' రావాలా అంటారు. చివర 'విలేజెస్' కనబడగానే చెయ్యి 'ఆర్' మీదకు పోతుంది. పెన్సిలు తీసుకుని 'ఆఫ్' దగ్గర్నుంచి అంతా కొట్టెయ్యమనండి. మిగిలేది 'వన్'. ఒక్కరే కాబట్టి 'ఈజ్'. అడవిలో జాడ తీసేవాడు అడ్డం వచ్చిన ఆకుల్ని లెక్కపెట్టడు కదా.

టెన్సుల దగ్గర పన్నెండు గళ్ల పట్టిక బట్టీ పట్టించొద్దు. వాక్యంలో కాలం చెప్పే మాట ఏదో వెతకమంటే చాలా ప్రశ్నలకు దారి దొరుకుతుంది. 'యెస్టర్‌డే', 'లాస్ట్ ఇయర్' లాంటి అయిపోయిన కాలం మాట ఉంటే 'హ్యావ్ సీన్' కుదరదు, 'సా' అనే రావాలి. 'సిన్స్' ఉండి పని ఇంకా సాగుతుంటే ముందు 'హ్యాజ్' గానీ 'హ్యావ్' గానీ ఉండాలి. 'సిన్స్' పక్కన మొదలైన సమయం వస్తుంది, 'ఫర్' పక్కన గడిచిన వ్యవధి వస్తుంది. పాసివ్‌కు ఆ 'తినబడింది' అక్కర్లేదు. 'ఈజ్', 'వాజ్', 'బీన్' లాంటి మాట ఒకటి, దాని పక్కన క్రియ మూడో రూపం, ఈ రెండూ ఉన్నాయా అని చూసుకుంటే సగం ఆప్షన్లు ఎగిరిపోతాయి. ఇవన్నీ నోటిఫికేషన్ వచ్చాక నలభై రోజుల్లో కూరేవి కావు. డిగ్రీ మొదటి ఏడాది నుంచి వారానికి రెండు గంటలు, పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, తప్పు ఎందుకు తప్పో పిల్లల చేతే చెప్పిస్తూ చేయాల్సిన పని. ఐటీడీఏలు కోచింగ్ పెట్టేటప్పుడు ఈ సంగతి ఎవరైనా అడిగి పెట్టించాలి.

ఇక మనలోనే కొందరు అనే మాట. పరాయి భాష కొలబద్దతో మనల్ని కొలవడమేమిటి, ఆ పరీక్షకే తలవంచకూడదు అని. వాళ్ల కోపం నాకూ ఉంది. కోయ పిల్లకు రేపు పాఠం చెప్పబోయే టీచరును ఎంపిక చేసే పరీక్షలో ఇంగ్లీషుకు 25 మార్కులున్నాయి, కోయకు ఒక్క మార్కు లేదు. కువికి లేదు, సవరకు లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించమని 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు కూడా తయారుచేశారు. మరి ఆ వాచకం చదివి చెప్పగల టీచరును వెతకడానికి ఈ ప్రవేశ పరీక్షలో ఏ ఏర్పాటూ ఎందుకు లేదు? ఏజెన్సీ కాలేజీల సీట్ల వరకైనా గిరిజన భాష వచ్చినవాళ్లకు మార్కులు ఉండాలి. ఇది దయ కాదు. టీచరు ఉద్యోగానికి ఇంగ్లీషు ప్రిపొజిషన్ కంటే ముందు కావాల్సిన అర్హత అది.

కానీ ఆ కోపంతో జవాబులు పెట్టకుండా ఖాళీగా వదిలేసి వస్తే నష్టపోయేది పరీక్ష పెట్టినవాళ్లు కాదు. మన కోయ పిల్ల ముందు కోయ రాని ఇంకో సార్ వచ్చి నిలబడతాడు. పిల్లలు నోరు మెదపకపోతే మొద్దులంటాడు, మూడు నెలలకు మైదానానికి డిప్యుటేషన్ వేయించుకుంటాడు. ఆ కుర్చీలో మన మనిషి కూర్చోవాలంటే ఆ 25లో కనీసం పదహారో పదిహేడో తెచ్చుకోవాలి. భాష మార్కుల కోసం అర్జీ ఒక చేత్తో రాస్తూనే, ఇంకో చేత్తో ప్రాక్టీసు పేపర్లు రాయాలి. వచ్చే బ్యాచికి "వదిలెయ్" అనే సార్ ఎదురైతే, వాళ్లబ్బాయికి కూడా అదే చెప్పారా అని అడగండి.