అభ్యర్థి గారి ఆవిడ

2024 మే ఎండల్లో మా వీధికి ఒక అభ్యర్థి గారి భార్య వచ్చారు. ముందు డప్పులు, వెనక కండువాలు, మధ్యలో కుంకుమ భరిణె పట్టుకుని ఆవిడ. గడప గడపకీ ఆగి, బొట్టు పెట్టి, "మా వారిని గెలిపించండమ్మా" అంటున్నారు. మా అమ్మకీ పెట్టారు. పక్కింటి అత్తయ్యగారికి భర్త లేరు. ఆ గుమ్మం దగ్గర భరిణె మూత పడింది. ఒక నమస్కారం పెట్టి ముందుకెళ్ళిపోయారు.

అత్తయ్యగారి ఓటు మాత్రం వాళ్ళకి కావాలి!

ఆవిడ పేరేంటని మా వీధిలో అడిగాను. ఒక్కరికీ తెలీదు. "ఫలానా ఆయన భార్య" అన్నారంతే. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. ఆవిడ చేత వీధివీధీ ప్రదర్శింపజేసింది ఐదోతనాన్ని. ఓటడగడానికి అదెలా అర్హత అయింది?

ఇప్పుడు దీన్ని తిప్పి చూడండి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో మా అమ్మమ్మగారి ఊళ్ళో సర్పంచ్ సీటు మహిళలకి రిజర్వు అయింది. ఫ్లెక్సీలో అభ్యర్థి బొమ్మ కన్నా ఆమె భర్త బొమ్మే పెద్దది. ఆయన భరిణె పట్టుకుని "మా ఆవిణ్ణి గెలిపించండి" అని తిరిగాడా? రచ్చబండ మీద కూర్చుని హామీలిచ్చాడు. గెలిచింది ఆమె, ఊరు "సర్పంచ్ గారూ" అని పిలిచేది ఆయన్ని. మన రెండు రాష్ట్రాల్లోనూ పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. కుర్చీ మాత్రం చాలాచోట్ల ఇంకా మొగుడి కిందే ఉంది.

నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26లో జీవిత భాగస్వామి ఆస్తులు రాయాలి. అభ్యర్థి ఆడా మగా అని ఆ కాలమ్ పట్టించుకోదు. వీధి పట్టించుకుంటుంది. భార్య ప్రచారానికొస్తే అభ్యర్థికి తోడు, భర్త వస్తే ఆయనే అభ్యర్థి.

డబ్బూ చదువూ ఉంటే ఇది మారుతుందా? అదే ఎన్నికల్లో కుప్పంలో చంద్రబాబు నాయుడి తరఫున భువనేశ్వరి నామినేషన్ వేశారు. పులివెందులలో జగన్ కోసం భారతి ఇంటింటికీ తిరిగారు. ఒకరు హెరిటేజ్ ఫుడ్స్ నడిపే మనిషి, ఇంకొకరు సిమెంటు, మీడియా వ్యాపారాల్లో ఉన్న మనిషి. రాష్ట్రం అప్పుల గురించి మీరేమంటారని వాళ్ళనెవరైనా అడిగారా? మనం ఫోన్లలో పంచుకున్నవి ఏ ముసలమ్మని ఎలా దగ్గరికి తీసుకున్నారో చూపించే వీడియోలు.

"వాళ్ళిష్టంతోనే తిరుగుతున్నారుగా" అంటారు. కావచ్చు. కానీ "నాకు నా పని ఉంది, రాను" అన్న భార్య గురించి ఊరేమంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అభ్యర్థి ఖర్చు లెక్కల్లో టీకి, టిఫిన్‌కి, కుర్చీల అద్దెకి కూడా అధికారులు రేటు కడతారు. అసెంబ్లీకి పరిమితి 40 లక్షలు. నెలరోజులు ఎండలో ఆవిడ చేసిన చాకిరీ ఆ లెక్కల్లో ఎక్కడా ఉండదు. కాదనే వీల్లేని పనిని ఇష్టం అనడం నాకు చేతకాదు.

వచ్చే ఎన్నికల్లో భరిణెతో ఎవరొచ్చినా రెండు ప్రశ్నలడుగుతాను. మీ పేరేంటి? మా వీధి మురుక్కాలవ గురించి మీరేమంటారు? సమాధానం చెప్పాక, బొట్టు పెట్టాలనే ఉంటే, ముందు అత్తయ్యగారి గుమ్మం దగ్గర ఆగమంటాను.