కుట్టు మాది, కులం ఎవరిది?

నాంపల్లి స్టేషన్ కాడ దిగి అబిడ్స్ దిక్కు నడవండి. ఫుట్‌పాత్ మీద గొడుగు కింద మనోడు కూచుని కనబడతడు. ముందర ఇనుప దిమ్మె, ఆరె, రంపె, మైనం పట్టించిన దారం. ఎనక అద్దాల షాపుల చెప్పులకు లైట్లు పెట్టిండ్రు. షాపుల స్టిక్కరు మీద ఎంతుంటే అంత ఇచ్చి వచ్చేటోళ్లే, ఇతని కాడికి రాంగనే "గింత కుట్టుకు గంతా?" అని బేరమాడతరు. షాపుల జోడుకు కంపెనీ పేరుంటది. ఫుట్‌పాత్ మీది చేతికి కులం పేరుంటది.

ఇది తెలివి అక్కర్లేని పని అనేటోళ్లను అడుగుతున్నం. పచ్చితోలును సున్నంల నానబెట్టి బొచ్చు ఊడదీయాలె. కండ గీకాలె, సున్నం పోయేదాక కడగాలె. తంగేడు చెక్క, కరక్కాయ దంచిన నీళ్లల్ల దినాల తరబడి ఊరబెట్టాలె. నీళ్లు పలచనైతే తోలు చెడిపోతది. మొదలే చిక్కనైతే పైపొర బిగుసుకుని లోపల పచ్చిగనే ఉంటది. ఆ తర్వాత పాదం కొలత గీసి, అడుగుతోలు కోసి, ఉంగటం పెట్టి, పట్టీ బిగించి కుట్టాలె. ఇది రసాయనశాస్త్రం కాదా? లెక్కలు కాదా? మద్రాసుల 1948 నుంచి కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడ తోలు సంగతి తెలిసినోడు సైంటిస్టు. లంద కాడ తెలిసినోడు అంటరానోడు!

తంగేడునే చూడండి. పువ్వు బతుకమ్మకెక్కింది, 2014ల తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అదే చెట్టు చెక్క మా లందల పడితే ఊరికి కంపయింది. మోటకు తొండం, ఎడ్లకు వారు, డప్పుకు తోలు, అన్నీ మా ఇండ్లల్లనే తయారైనయి. నిజాం కాలంల దొరలకు, పటేళ్లకు చెప్పులు వెట్టికి కుట్టిచ్చినం. అవే చెప్పులు మేం తొడిగితే గడి ముందర చేతబట్టుకొని నడవాలె!

ఇయ్యాల మారిందా? 2016 జూలైల గుజరాత్‌లోని ఊనా కాడ చచ్చిన ఆవు తోలు తీసినందుకు మనోళ్లను కట్టేసి కొట్టిన్రు. 2023 సెప్టెంబరుల ఢిల్లీ సర్కారే విశ్వకర్మ పథకం తెచ్చి, 18 చేతివృత్తులల్ల చెప్పుల పనిని చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం మిత్తికి అప్పు. పైసలు మాకు చేదు కాదు, అర్హత ఉన్నోళ్లు తీసుకోండి. కని కుటుంబ సంప్రదాయ వృత్తి అన్న మెలిక చూడండి. తాత ఆరె పడితే మనుమడూ ఆరెనే పట్టాల్నా? 2024 నవంబరుల తమిళనాడు ప్రభుత్వం ఈ రూపంలో అమలు చేయం అని తెగేసి చెప్పింది. మన నాయకుల నోళ్లకు కుట్టు వేసిందెవరు?

"మరి కులవృత్తులు చావాల్నా?" అని అడుగుతరు. పని బతకాలె, కులం చావాలె! చెప్పుల పని అంత గొప్పదైతే పాలిటెక్నిక్‌లల్ల పెట్టండి. అన్ని కులాల పిల్లలు వచ్చి ఆరె పట్టనీయండి, మాదిగ ముసలాయనను పంతులుగా కూచోబెట్టి జీతమియ్యండి. మా పిల్లలు డాక్టరైనా, డిజైనరైనా, అబిడ్స్‌ల షాపు ఓనరైనా కావాలె. ఇష్టమైనోడు చెప్పులు కుడతడు. పుట్టుకతోటి ఎవడూ కుట్టడు.

అప్పటిదాక ఫుట్‌పాత్ మీది మనోని జాగ పోనీయొద్దు. 2014ల వచ్చిన వీధి వ్యాపారుల చట్టం సరుకు అమ్మేటోళ్లకే కాదు, సేవ చేసేటోళ్లకు కూడా వర్తిస్తది. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాక ఎవరినీ లేపగొట్టొద్దని అందులనే ఉన్నది. టౌన్ వెండింగ్ కమిటీల కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలె, వాళ్లల్ల దళితులకు చోటివ్వాలె. కార్యకర్తలారా, నాంపల్లి నుంచి అబిడ్స్ దాక ఒక్కొక్క గొడుగు కాడికి పోండి. పేర్లు రాయండి. అందరినీ జమచేసి మున్సిపల్ ఆఫీసుకు తీసుకపోండి.

లోపలికి పోయేటప్పుడు చెప్పులు చేతబట్టుకోవద్దు. కాళ్లకు తొడుక్కునే పోండి!

జై భీమ్!