సింథటిక్ ఆయిల్ ఎవరికి కావాలి?

బండి సర్వీసింగుకి ఇచ్చిన ప్రతిసారీ ఈమధ్య మెకానిక్ నోట వినిపించే మాట ఒకటుంది. "సార్, ఈసారి సింథటిక్ వేసేద్దామా? బండి స్మూత్‌గా పోద్ది." అదేమిటో మనకు సరిగ్గా తెలియదు, విడమరచి చెప్పే తీరిక అతనికి ఉండదు. ధర చూస్తే మామూలు ఆయిల్‌కి రెట్టింపు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. సరేనంటే డబ్బు దండగేమోనని, వద్దంటే ఇంజన్ దెబ్బతింటుందేమోనని మనసు పీకుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజంతా బండి మీదే బతుకుతున్నవాళ్లు సింథటిక్‌కి మారితే పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఇంటికీ ఆఫీసుకీ తిరిగే 100 సీసీ బండికి కంపెనీ చెప్పిన మామూలు ఆయిల్‌ని వేళకు మారిస్తే చాలు. కొత్త పెట్రోలు కార్లలో చాలావాటికి అసలీ ప్రశ్నే రాదు. అవి అడిగే 0డబ్ల్యూ-20 లాంటి పలుచని గ్రేడ్లు సాధారణంగా సింథటిక్‌లోనే దొరుకుతాయి.

ముడిచమురును శుద్ధి చేస్తే వచ్చేది మినరల్ ఆయిల్. అందులో చిన్నా పెద్దా అణువులు కలగలిసి ఉంటాయి, కొంత మైనమూ మిగిలిపోతుంది. వేడెక్కితే చిన్నవి ఆవిరైపోతాయి, బాగా చల్లబడితే మైనం గడ్డకడుతుంది. సింథటిక్‌లో ఇథిలీన్‌తో మొదలుపెట్టి, దాదాపు ఒకే తీరుగా ఉండే అణువులను ఫ్యాక్టరీలో తయారుచేస్తారు. దాన్ని పీఏఓ అంటారు. 1974లో అమెరికా మార్కెట్లోకి వచ్చిన మొబిల్-1 ఆ రకమే. తర్వాత ముడిచమురునే హైడ్రోజన్‌తో, పెద్ద ఒత్తిడి మీద శుద్ధి చేసి ఇంచుమించు ఆ నాణ్యత రాబట్టే పద్ధతి వచ్చింది. దీనికి గ్రూప్-3 అని పేరు. క్యాస్ట్రాల్ ఇలాంటి ఆయిల్‌ని సింథటిక్ అని అమ్ముతోందంటూ మొబిల్ అమెరికాలో ప్రకటనల తగాదాలు తేల్చే సంస్థకు ఫిర్యాదు చేసింది. 1999లో నిర్ణయం క్యాస్ట్రాల్‌కి అనుకూలంగా వచ్చింది. కాబట్టి డబ్బా ముందువైపు 'ఫుల్లీ సింథటిక్' అని ఎంత పెద్దగా రాసి ఉన్నా, లోపలిది ఈ రెండింటిలో ఏదైనా కావచ్చు. గ్రూప్-3 నాసిరకమని నేననడం లేదు, అది మంచి ఆయిలే. ఆ పెద్దక్షరాలను చూసి డబ్బు తీయకండి అంటున్నాను. వెనకవైపు చిన్నక్షరాల్లో ఉండే గ్రేడు, నాణ్యత స్థాయి చెప్పే ఏపీఐ గుర్తు, బైకైతే జాసో గుర్తు మీ బండి పుస్తకంలో ఉన్నదానితో సరిపోయాయా అన్నదే అసలు సంగతి.

మన ప్రాంతంలో ఇంజన్‌కి చలి బాధ లేదు. ఆయిల్ మీద 10డబ్ల్యూ అని ఉందంటే మైనస్ 25 డిగ్రీల చలిలో కూడా ఇంజన్ తిరిగేంత పలుచగా ఉంటుందని పరీక్షించారన్నమాట. లంబసింగి చలి దాని దరిదాపులకు కూడా రాదు. మన కష్టమంతా ఎండతోనే. కారులోనైతే కూలెంట్ తిరుగుతుంది, థర్మోస్టాట్ ఉంటుంది, బయటి ఎండ ప్రభావం ఆయిల్ మీద అంతగా పడదు. గాలితో చల్లబడే బైకుకి ఆ వెసులుబాటు లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు గాలి తగలాలంటే బండి కదలాలి. మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడ బెంజి సర్కిల్ దగ్గరో, హైదరాబాద్ అమీర్‌పేటలోనో భోజనం పొట్లాలతో సిగ్నల్ కోసం ఆగిన డెలివరీ కుర్రాడి బండిని చూడండి. రెక్కలకు గాలి ఆడదు. మీటర్లో ఒక్క కిలోమీటరూ పెరగదు. లోపల ఆయిల్ మాత్రం కాగుతూనే ఉంటుంది. ఆ ఇంజన్‌లో ఉండేది లీటరు లోపు. పిస్టన్‌కీ, గేర్లకీ, క్లచ్‌కీ అన్నిటికీ అదే దిక్కు. పైగా గేర్ల పళ్ల మధ్య పడి నలిగి నలిగి ఆయిల్ చిక్కదనం కోల్పోతుంది.

సింథటిక్ విలువ తెలిసేది ఇలాంటి బండిలోనే. వేడికి అది తక్కువ ఆవిరవుతుంది, మడ్డి తక్కువ కడుతుంది. అతనికి ఇంజన్ దించితే అయ్యే ఖర్చు ఒకెత్తు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ పోయే సంపాదన మరో ఎత్తు. ఇంత చేసీ ఆ ఆయిల్ డబ్బు అతని జేబులోంచే పోతోంది. కిలోమీటర్ల లెక్కన డబ్బులిచ్చే కంపెనీలు, ఎండలో ఆగి ఉన్న బండి అరుగుదలను కూడా ఆ లెక్కలో కలపాలని గట్టిగా అడుగుతున్నాను.

మారేవాళ్లు క్లచ్ సంగతి తెలుసుకుని తీరాలి. కారుకి పోయగా మిగిలిన ఖరీదైన సింథటిక్‌ని వృథా ఎందుకని బైకులో పోసేవాళ్లు ఉన్నారు. గేర్ల బైకుల్లో దాదాపు అన్నిటికీ క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి. మైలేజీ కోసం కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు. ప్లేట్లకేమో ఆ రాపిడే కావాలి. ఆ ఆయిల్ పడితే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ముందుగా తెలుస్తుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం లాగదు. ఈ చిక్కు తీర్చడానికే జపాన్ 1998లో జాసో ప్రమాణం తెచ్చింది. గేర్ల బండికి ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ గుర్తున్నది గేర్లు లేని స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్‌లో మునగదు. సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుందని షెడ్లలో అనుకునే మాటకు మూలం ఈ కారు ఆయిలే. ఎంఏ గుర్తున్న సింథటిక్‌తో ఆ భయం లేదు.

పాత బండికి సింథటిక్ పోస్తే కారిపోతుందన్న భయం మరొకటి. తొలిరోజుల సింథటిక్‌లతో రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కారడం నిజంగానే జరిగింది. ఇప్పటివాటిలో దానికి విరుగుడు కలుపుతున్నారు. ఎండిపోయి పగిలిన సీలు మాత్రం ఏ ఆయిల్ పోసినా కారుతుంది. అలాంటి బండికి ముందు సీలు మార్పించాలి. ఇక మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్నది ఉత్తమాట. ఏపీఐ గుర్తున్న ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలాగే తయారవుతాయి. దారిలో తగ్గితే ఉన్నది పోసుకోవచ్చు.

నేను ఒప్పుకోలేనిది, సింథటిక్ కాబట్టి రెట్టింపు కిలోమీటర్లు నడపొచ్చన్న సలహా. ఆయిల్ తొందరగా చెడకపోవచ్చు, అందులో చేరే దుమ్ము, మసి, పెట్రోలు మాత్రం చేరుతూనే ఉంటాయి. చాలా 100 సీసీ బళ్లలో కారుకి ఉన్నట్టు కాగితం ఫిల్టర్ ఉండదు. ఒక జాలీ, వేగంగా తిరుగుతూ మురికిని పక్కకు నెట్టే చిన్న గిన్నె, అంతే. పిల్లల్ని బడి దగ్గర దింపడానికి రెండు కిలోమీటర్లు వెళ్లొచ్చే బండి పరిస్థితి ఇంకోరకం. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాం. లోపల చేరిన తడి, పెట్రోలు ఆవిరై పోవు. అలాంటి బండికి కిలోమీటర్లు కాదు, నెలలు లెక్కపెట్టాలి. నల్లబడిందని చూసి మార్చడమూ సరికాదు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొద్ది దూరానికే నల్లబడుతుంది, మసిని తనలో పట్టి ఉంచడం దాని పని. బీఎస్-6 డీజిల్ కారున్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. సైలెన్సర్ దారిలోని ఫిల్టర్‌లో బూడిద పేరుకోకుండా, పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద రకమే పోయించాలి.

ఇక ఆయిల్ మట్టం. మంచి ఆయిల్ పోయించి ఆర్నెల్లు గేజ్ తీసి చూడనివాళ్లే ఎక్కువ. సింథటిక్ అయినా మట్టం పడిపోతే పిస్టన్ పట్టేస్తుంది. బండిని చదునైన చోట సెంటర్ స్టాండ్ వేసి, కొద్దిసేపు ఇంజన్ ఆడించి ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగండి. గేజ్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టండి. చాలా చిన్న బళ్లకు ఇక్కడ గేజ్‌ని మర తిప్పి బిగించకూడదు, ఊరికే ఆనించి తీయాలి. బిగించి తీస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. రెండు గీతల మధ్య తడి ఉంటే సరే, కింది గీతకు దిగితే వెంటనే పోయించాలి.

ఆయిల్ మార్చేటప్పుడు దగ్గరుండండి. డబ్బా సీలు మీ ఎదుట తీయించండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లకు కావలసింది బ్రాండు పేరున్న ఖాళీ డబ్బాలే కాబట్టి పని అయ్యాక దానికి ఓ కోత పెట్టించండి. దించిన పాత ఆయిల్ ఎక్కడికి పోతోందో కూడా అడగండి. సెంట్రింగ్ పలకలకు పూయడానికి కొంత పోతుంది, మిగిలింది కొన్ని షెడ్లలో నేరుగా కాల్వలో కలుస్తోంది. వాడిన ఆయిల్‌ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం ఆయిల్ తయారీదారులు, దిగుమతిదారుల మీద పెట్టింది. అది జరగాలంటే ఆ ఆయిల్ ముందు కాల్వలో పడకుండా డ్రమ్ములో చేరాలి. మీ మెకానిక్ షెడ్డులో డ్రమ్ము లేకపోతే పెట్టమని అడగండి.